గిన్నె గురువుకి మాత్రమే

ఆ విదేశీ సీరియల్‌ని తెలుగులో చూసినవాళ్లకి కథ గుర్తుండకపోయినా అందులోని తప్పు గుర్తుండే ఉంటుంది. ఐదు వందల ఏళ్ల కిందటి జర్మనీ. ఒక చిన్న విశ్వవిద్యాలయ పట్టణం. చర్చిలో ఆరాధన జరుగుతుండగా, అక్కడ గురువుగా ఉన్న ముసలి ఆచార్యుడు బలిపీఠం ముందు కుప్పకూలి చనిపోతాడు. ఆయన తాగిన ద్రాక్షారసంలో ఎవరో విషం కలిపారు. కలిపింది ఎవరన్నదే ఎనిమిది భాగాల కథ. తెలుగులో మాత్రం మొదటి భాగంలోనే ఒకావిడ పక్కింటామెతో, "ద్రాక్షారసం అందరం పుచ్చుకున్నాం" అంటుంది. అందరూ పుచ్చుకుంటే ఆయనొక్కడే ఎందుకు చనిపోయాడు? ఊరంతా పోవాలి గదా?

ఆ మాట రాసింది నేను. ఆ భాగం చివర "క్రైస్తవ విషయాల సలహా" అన్న చోట పడే పేరు నాది కాదు. ఆ పేరుగల మనిషి అది తప్పని నాకు ముందే చెప్పారు. చెప్పడమే కాదు, కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. ఈ సంగతి ఆయనకి, నాకు, ఇంకొందరికి తప్ప తెలియదు. తెలియాలి.

ఆయన్ని ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో అందరూ మాస్టారు అంటారు. గుంటూరు వైపు ఒక మిషన్ బడిలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, నాటకాల పిచ్చితో హైదరాబాద్ వచ్చి, నటుడు కాలేక గొంతు అయ్యారు. అది కూడా విడిగా వినిపించే గొంతు కాదు. సినిమాలో పెళ్లి జరుగుతుంటే వెనక ఒక కలకలం వినిపిస్తుంది. కోర్టులో తీర్పు చెప్పగానే "అయ్యయ్యో" అని ఒక గుసగుస లేస్తుంది. ఆ గుంపులో ఆయన ఒకరు. ఆరేడుగురు ఒకే మైకు చుట్టూ నిలబడి నూరుమందిలా మాట్లాడాలి. ముప్పై ఏళ్లు ఆయన చేసిన పని అది. అరవై ఎనిమిదేళ్ల వయసులో కూడా మధురానగర్ నుంచి కృష్ణానగర్ మీదుగా సగం దూరం నడిచి, సగం దూరం షేర్ ఆటోలో వచ్చేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలూ, లవంగాల డబ్బా.

నాకు యాభై రెండు. విదేశీ సీరియళ్లకీ సినిమాలకీ తెలుగు మాటలు రాస్తాను. ఈ పనిలో కథ కంటే పెదవులు ముఖ్యం. తెర మీద మనిషి పెదవులు ఎక్కడ కలుస్తాయో అక్కడ మన మాటలో ప గానీ బ గానీ మ గానీ పడాలి. లేకపోతే మాట ఒకచోట, నోరు ఒకచోట ఉంటుంది. ఇరవై ఏళ్లుగా మనుషుల నోళ్లు చూసి చూసి, మా ఇంట్లో వాళ్లు మాట్లాడుతున్నా నేను కళ్లలోకి చూడనని మా ఆవిడ అంటుంది. నిజమే.

ఆ సీరియల్ నా చేతికి వచ్చినప్పుడు మొదటి రోజే నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. పాపసంకీర్తనం, అభిషేకం, గురుత్వం, పరిశుద్ధ సంస్కారం. విజయవాడలో సత్యనారాయణ వ్రతాల మధ్య పెరిగినవాణ్ణి. చర్చి అంటే స్నేహితుల పెళ్లిళ్లకి వెళ్లి వెనక బెంచీలో కూర్చోవడమే నాకు తెలుసు. మాస్టారు లూథరన్ చర్చి మనిషి అని తెలుసు గనక, గుంపు రికార్డింగు మధ్యలో టీకి బయటికి వచ్చినప్పుడు ఆయన పక్కన చేరి ఒక మాట అడిగాను. ఆయన పది మాటలు చెప్పారు.

"బాబూ, ఇది మా పండుగ కథ గదయ్యా," అన్నారు. ముఖం వెలిగిపోయింది. "ఆ ఊరు కథ ఏటేటా మా పిల్లలకి చెప్తాను నేను."

అక్టోబరులో ఆఖరి ఆదివారం వాళ్లకి సంస్కరణ పండుగ, పాత చర్చి పద్ధతులని ఎదిరించి వాళ్ల శాఖ ఆ పట్టణంలోనే మొదలైనందుకు. ఆ రోజు ఆరాధన మధ్యలో పిల్లలందర్నీ ముందుకి పిలిచి, ఆ పట్టణంలో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో కథలాగా చెప్పడం వాళ్ల చర్చిలో ఆయన వంతు. పద్దెనిమిదేళ్లుగా ఆయనదే. అదొక్కటే ఆయన గుంపులోంచి బయటికి వచ్చి ఒంటరిగా మాట్లాడే సందర్భమని అప్పుడు నాకు తట్టలేదు.

ఆ తర్వాత నెల రోజులు ఆయన నాకు భాష నేర్పారు. ఏ మాట గుడిలో మోగుతుందో, ఏది చర్చిలో మోగుతుందో చెప్పారు. నేను "పూజారి" అని రాస్తే కొట్టేసి "గురువు" అని రాసేవారు. "ప్రసాదం" అని రాసినచోట నవ్వి, "అబ్బాయ్, నన్ను చర్చిలోంచి వెలివేయిస్తావా ఏంటి?" అన్నారు. అప్పటికే ఆయన పేరు వేయిస్తానని నేనే మాట ఇచ్చాను. వద్దన్నారు గానీ గట్టిగా అనలేదు.

తప్పు జరిగింది ఇలా. దొంగతనంగా బయటికి పొక్కకుండా ఉండటానికి ఇలాంటి సీరియళ్ల బొమ్మని నల్లగా చేసి మాకు పంపుతారు. తెరంతా చీకటి, మాట్లాడే మనిషి నోటి చుట్టూ మాత్రం గుండ్రంగా వెలుగు. పైగా ఒక్కో భాగమే వస్తుంది. ఆఖరి భాగాలు అన్నిటికంటే చివర. అంటే హంతకుడెవరో తెలియకుండానే హత్య గురించి రాయాలి. మొదటి భాగంలో ఆ ఆడమనిషి నోరు కనిపించింది. పెదవులు నాలుగుసార్లు కలిశాయి. చేతికి వచ్చిన ఇంగ్లీషు కాగితంలో ఉన్నది, గురువు మాకు రొట్టె ఇచ్చాడు, అటు తిరిగి తాను తాగాడు, పడిపోయాడు అని. నేను మొదట రొట్టె అని రాశాను. తెలుగులో చర్చి గురించి రాసేవాడి చెయ్యి రొట్టె దగ్గర ఆగదు. మా ఊళ్లో, మీ ఊళ్లో, ఏ చర్చిలో చూసినా రొట్టె, ద్రాక్షారసం జంటగానే వస్తాయి. స్నేహితుల చర్చిలో చిన్న చిన్న గ్లాసుల్లో అందరికీ ఇవ్వడం కళ్లారా చూశాను. "రొట్టె తీసుకుని, ద్రాక్షారసం అందరం పుచ్చుకున్నాం, అంతలో..." అని రాశాను. నాలుగు కలయికలూ అతికినట్టు సరిపోయాయి. సంతోషించాను.

మాస్టారు ఆ పేజీ మీద పెన్సిలుతో గీత గీసి, పక్కన "గిన్నె గురువుకి మాత్రమే" అని రాశారు.

"ఇది కుదరదు బాబూ," అన్నారు క్యాంటీన్‌లో. "ఆ రోజుల్లో జనానికి గిన్నె ఇచ్చేవాళ్లు కాదు. రొట్టె ఒక్కటే. రసం గురువే తాగేవాడు."

"మీ దగ్గర అందరికీ ఇస్తారుగా మాస్టారూ? నేను చూశాను."

"ఇస్తారు. ఇవ్వాలని కొట్లాడారు గాబట్టి ఇస్తారు. ఈ కథ ఆ కొట్లాటకి ముందుది."

"ఆవిడ పెదవులు చూశారా? నాలుగుసార్లు కలుస్తున్నాయి. 'పుచ్చుకున్నాం' ఎంత బాగా పడిందో చూడండి."

"బాగానే పడింది. నిజం కాదు."

"మన ప్రేక్షకుడికి అంత పట్టింపు ఉండదండీ."

"మరి నన్నెందుకు అడిగావయ్యా?"

ఆ ప్రశ్నకి నాకు కోపం వచ్చింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు డబ్బింగ్ కళాకారులు వింటున్నారు. ఇరవై ఏళ్లు రాసినవాడికి, గుంపులో గొంతు కలిపే ఆయన పాఠం చెప్తున్నాడని వాళ్లు అనుకుంటారని అనిపించింది. "చూస్తాలెండి," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంటికి వెళ్లి రబ్బరు తీసుకుని ఆ గీతనీ ఆ మూడు మాటలనీ చెరిపేశాను. మర్నాడు ఆ పేజీ థియేటర్‌కి వెళ్లిపోయింది. ఎవరి మాటలు వాళ్లు విడిగా వచ్చి చెప్పి వెళ్తారు గనక, తర్వాత ఏం జరిగిందో ఆయనకి తెలిసే వీలు లేదు.

ఆరు వారాలకి ఆఖరి భాగం వచ్చింది. అందులో హంతకుణ్ణి పట్టించేది ఒక్క మాట. విశ్వవిద్యాలయ గ్రంథాలయం చూసే పెద్దమనిషి, మాటల మధ్యలో, "ఆ రోజు రసం పుల్లగా ఉంది పాపం," అంటాడు. రసం తాగింది చనిపోయిన గురువు ఒక్కడే. అది పుల్లగా ఉందని ఇతనికెలా తెలిసింది? విషం కలిపేముందు రుచి చూశాడు గనక తెలిసింది. కథంతా ఆ మాట మీద నిలబడింది. అది చదివి నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. అప్పటికి మొదటి భాగం రికార్డింగు పూర్తయి, కలిపి, పంపేశారు. ఒక్క వాక్యం మళ్లీ చెప్పించండని అడగవచ్చు. అడిగితే ఎందుకని అడుగుతారు. ఎవరూ గమనించరులే అనుకున్నాను.

తెలుగులో మొదటి భాగం వచ్చిన రోజు మాస్టారు నన్ను ఇంటికి పిలిచారు. రెండు గదుల ఇల్లు. ఆయన భార్య ఉల్లిపాయ పకోడీలు వేశారు. పేర్లు పడేటప్పుడు ఆవిడ రిమోట్ నొక్కి తెర ఆపేసి, దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూపించారు.

"ముప్పై ఏళ్లు గుంపులో గోవిందా కొట్టారు మీ మాస్టారు. చివరికి దేవుడి పని మీదే పేరొచ్చింది," అన్నారు.

"గోవిందా ఏంటే, ఆదివారం పూటా," అన్నారు ఆయన.

ఆయన నవ్వుతున్నారు. అంతకుముందు, ఆ ఆడమనిషి ఆ మాట అన్నప్పుడు నవ్వలేదు. నా వైపు చూశారు. నేను పకోడీ నములుతూ పళ్లెంలోకి చూశాను. ఆ రాత్రే ఆయన అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. భార్య ఆనందం చూసి అడగలేదనుకుంటాను. వాళ్ల చర్చివాళ్లు ఎంతమంది ఫోన్ చేశారో, ఎవరెవరు ఆ పేరు దగ్గర తెర ఆపి ఫొటో తీసి పంపారో ఆవిడ చెబుతూనే ఉన్నారు.

ఎనిమిది భాగాలూ అయ్యాక ఎవరో ఆవిడ మాటనీ, ఆ 'పుల్లగా ఉంది' అన్న ముక్కనీ పక్కపక్కన పెట్టి ఒక చిన్న వీడియో చేశారు. ఊరంతా తాగారు, పోయింది ఒక్కడే, మిగతావాళ్లకి మన బెజవాడ ఎండలు అలవాటేమో అని వెటకారం. అది ఫోన్లలో తిరిగింది. డబ్బింగ్ పనులన్నీ చూసే కోఆర్డినేటర్ నన్ను థియేటర్‌కి పిలిచాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, బోరబండ మనిషి, పనిలో నిక్కచ్చి.

"అన్నా, గిదెట్ల అయిందే? పైనుంచి నన్ను తింటున్నరు. చర్చి ముచ్చట్లు ఎవరు చూసిన్రు?"

తలుపు తీసే ఉంది. బయట బల్ల మీద గుంపు రికార్డింగు కోసం వచ్చిన నలుగురు కూర్చున్నారు. వాళ్లలో మాస్టారు ఉన్నారు.

"చర్చి విషయాలన్నీ మాస్టారే చూశారు," అన్నాను.

ఆ వాక్యంలో అబద్ధం లేదు. అందుకే నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది.

కోఆర్డినేటర్ ఆయన్ని లోపలికి పిలిచాడు. "మాస్టారూ, మీరు చర్చికి పోయేటోళ్లే గదా. జర చూసుకోవాలె గదా."

ఆయన నా వైపు చూశారు. చాలాసేపు చూశారని ఇప్పుడనిపిస్తుంది గానీ నాలుగైదు క్షణాలే అయి ఉంటుంది. నేను ఫోన్ తీసి ఏదో వెతికాను. ఏమీ రాలేదు ఫోన్‌లో.

"పొరపాటు జరిగింది బాబూ," అన్నారాయన. ఎవరి పొరపాటో చెప్పలేదు. చేతులు వెనక్కి కట్టుకుని బయటికి వెళ్లిపోయారు. ఆ వారం నుంచి ఆయనకి పిలుపులు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. ఆయన కోసం అడగాలని నేను రెండుసార్లు అనుకున్నాను. రెండుసార్లూ, అడిగితే పాత సంగతి పైకి వస్తుందని ఊరుకున్నాను.

నవంబరు మొదటి వారంలో ఎర్రగడ్డ రైతు బజారులో ఆయన భార్య కనిపించారు. నేనే తప్పుకుందామనుకున్నాను. ఆవిడ చూసేశారు.

"ఏం నాయనా, వంకాయలు కొనుక్కోవాలంటే గానీ మా వైపు రావా?"

"పని ఒత్తిడమ్మా. మాస్టారు బాగున్నారా? పండుగ బాగా జరిగిందా?"

ఆవిడ వంకాయ తిప్పి తిప్పి చూశారు. "జరిగింది. పిల్లలకి కథ ఈయన చెప్పలేదు."

"అదేంటమ్మా?"

"చెప్పొద్దని ఎవరూ అనలేదు నాయనా. అంటే బాగుండేది, పోట్లాడేవాళ్లం. మీటింగులో ఎవరో కుర్రాడు, మాస్టారికి గిన్నె సంగతే తెలియలేదు, పిల్లలకేం చెప్తారు అని నవ్వాడంట. ఈయనే లేచి, ఈసారి ఇంకొకరికి ఇవ్వండి అన్నారు. ఆ రోజు వెనక బెంచీలో కూర్చున్నాం. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి." వంకాయ సంచిలో వేసి, "ఈయనకి తెలియకపోవడమేంటి నాయనా? నిద్రలో లేపి అడిగినా చెప్తారు. నాకు అర్థం కాదు," అన్నారు.

అంటే ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. నేను పెన్సిలు గీత చెరిపేశానని కట్టుకున్న మనిషికి కూడా చెప్పలేదు. నేను వంకాయలు తీసుకోకుండానే ఇంటికి వచ్చాను. ఆ మధ్యాహ్నం ఎందుకో నా దగ్గరున్న ఆ పేజీ నకలు తీసి ఆ వాక్యం దగ్గర కూర్చున్నాను. "రొట్టె మాకు పంచి, తాగి, పడిపోయారు." నాలుగు కలయికలు. నిమిషం కూడా పట్టలేదు. అప్పుడు కూడా పట్టేది కాదు.

తర్వాతి ఆదివారం మోతీనగర్ దగ్గర వాళ్ల చర్చికి వెళ్లాను. ముందురోజు అయ్యగారిని, అంటే వాళ్ల పాస్టరుగారిని, కలిసి ప్రకటనల సమయంలో రెండు నిమిషాలు మాట్లాడనివ్వమని అడిగాను. విషయం విని ఆయన తల పంకించారు. మాస్టారికి చెప్పలేదు.

నన్ను ముందుకి పిలవగానే అందరూ వేరే అనుకున్నారు, వాళ్ల మతంలో చేరుతున్నానని. నుదుట బొట్టుతో కొత్త మనిషి వచ్చి మైకు పట్టుకుంటే ఏమనుకుంటారు? "నేను ఒక తప్పు చేశాను," అనగానే వెనక వరసలోంచి ఒకావిడ "దేవునికి స్తోత్రం" అన్నారు. ఇంకో ఇద్దరు అందుకున్నారు. నాకు మాట తడబడింది. "అది కాదండీ, డబ్బింగులో చేశాను," అన్నాను. కొందరు నవ్వారు. ఆ నవ్వు వల్లే మిగతాది చెప్పగలిగాను. సీరియల్లో ఆ మాట రాసింది నేను, మాస్టారు అది తప్పని, ఆ రోజుల్లో గిన్నె గురువుకి మాత్రమేనని రాసిచ్చారు, ఆయన రాసింది నేను చెరిపేశాను, తర్వాత ఆయన మీదికి నెట్టాను. నాలుగు వాక్యాలు. రెండు నిమిషాలు కూడా అవసరం పడలేదు.

ముందు వరసలో చాప మీద కూర్చున్న పిల్లల్లోంచి పదేళ్ల పాప లేచి, "అంకుల్, మరి చంపిందెవరు?" అంది.

ఆ పాప వాళ్లమ్మ "కూర్చో" అని గసిరింది. వెనకనుంచి మాస్టారి గొంతు వినిపించింది. "ఆ రోజు రసం పుల్లగా ఉందన్నాడు చూడు, వాడు."

"పుల్లగా ఉందంటే చంపినట్టా తాతయ్యా?"

"ఆ రోజుల్లో గిన్నెలోది ఎవరు తాగేవాళ్లమ్మా?"

పాప ఆలోచించింది. ఆరాధనకి వచ్చినవాళ్లంతా ఆగి చూస్తున్నారు. "గురువు ఒక్కరే అన్నారుగా ఈ అంకుల్. మరి వాడికెలా తెలుసు?" అని, తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాస్టారు అప్పటికి నడవలోకి వచ్చేశారు. అయ్యగారు పక్కకి జరిగి చోటిచ్చారు. "తెలిసింది గదా. జనానికి గిన్నె ఎందుకు ఇచ్చేవాళ్లు కాదో, ఎవరు అడిగారో చెప్తాను, వినండి," అని మొదలుపెట్టారు. పండుగ అయిపోయిన రెండు వారాలకి, పండుగ బట్టలు లేకుండా, ఆ కథ చెప్పారు. నేను అంతవరకూ ఆయన గొంతు నలుగురి ముందు ఒంటరిగా వినలేదని అప్పుడు గుర్తించాను.

ఆరాధన అయ్యాక ఇద్దరం రోడ్డు మీద నడిచాం. ఆయన భార్య ముందు ఎవరితోనో మాట్లాడుతూ వెళుతున్నారు. నా మనసు తేలికైంది. తేలికైందని నా ముఖంలో కనిపించి ఉంటుంది.

"మీరు ఆ రోజే ఎందుకు చెప్పలేదు మాస్టారూ?"

"నువ్వు చెప్తావని చూశాను."

ఆయన లవంగం నోట్లో వేసుకుని, నాకొకటి ఇచ్చారు.

"ఇవాళ వచ్చావు, సంతోషం. మా ఆవిడ ఇక మూడు రోజులు నిన్నే పొగుడుతుంది. కానీ అబ్బాయ్, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇక్కడ చెబితే నీకు పోయేదేముంది? రేపటినుంచి వీళ్ల మొహం చూడక్కర్లేదు. ఆఫీసులో చెప్పావా?"

"లేదు."

"మరి?"

ఆయన కోపంగా అనలేదు. బడిలో పిల్లాడు లెక్క సగం చేసి చూపిస్తే, మిగతా సగం ఏదిరా అన్నట్టు అడిగారు.

సోమవారం కోఆర్డినేటర్ జూబ్లీ హిల్స్ ఆఫీసులో ఉంటాడు. కార్లు నిలిపే చోట డ్రైవర్లు నీడ కోసం గోడకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్ల మధ్య నేనూ పావుగంట నిలబడి తర్వాత లోపలికి వెళ్లాను. చెప్పాను. అతను వింటూ వింటూ కుర్చీ వెనక్కి లాగాడు.

"ఇప్పుడెందుకన్నా గివన్నీ? అందరు మర్చిపోయిన్రు."

"ఆయన మర్చిపోలేదు. నువ్వు పిలవడం మానేశావు."

"పైనోళ్లకి ఎవడో ఒకని పేరు చెప్పాలె గదా. మాస్టారి పేరు జెప్పిన. ఇప్పుడు నీ పేరు జెప్తే సీజన్ టూ నీకెట్ల ఇయ్యాలె? ఆలోచించినవా?"

ఆలోచించాను. ఆ సీరియల్ రెండో సీజన్ నాకే ఇస్తామని ముందే మాట అయిపోయింది. నా చేతిలో అప్పుడున్న పెద్ద పని అదే.

"ఇవ్వకు," అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "నోటితోటి చెప్తే నాకు పనికిరాదు. మెయిల్ పెట్టు." ఆ తర్వాత మెల్లగా, "నాతోని కూడా తప్పయిందన్నా. ముసలాయన్ని ఒక్క మాట అడగలె నేను," అన్నాడు.

ఆ మెయిల్ అక్కడే కారిడార్లో సోఫా మీద కూర్చుని రాశాను. చర్చిలో నాలుగు వాక్యాలకి రెండు నిమిషాలు పట్టలేదు. ఇక్కడ అవే నాలుగు వాక్యాలకి మధ్యాహ్నమంతా పట్టింది. మాటలు పేర్చేవాణ్ణి గనక, ప్రతిసారీ చెయ్యి మెత్తని మాట కోసమే వెతికింది. "సమన్వయ లోపం" అని రాసి కొట్టేశాను. "గమనించలేకపోయాను" అని రాసి కొట్టేశాను. "ఆయన తప్పని చెప్పారు, నేను చెరిపేశాను" అని రాసి పంపాను.

వచ్చిన జవాబు మర్యాదగానే ఉంది. విడుదలైన భాగంలో ఒక్క వాక్యం మార్చడం, పేర్లు మార్చడం వీలుకాదు. రెండో సీజన్ మాటలు ఇంకొకరికి ఇస్తున్నారు. సలహాకి మాస్టారినే అడుగుతున్నారు. అంతే. కాబట్టి ఇప్పటికీ ఎవరు ఆ మొదటి భాగం పెట్టినా ఆవిడ అదే మాట అంటుంది, చివర ఆయన పేరే పడుతుంది. నేను దాన్ని మార్చలేను. ఇలా రాయగలను, రాశాను.

జనవరిలో ఒక మధ్యాహ్నం మాస్టారు థియేటర్ నుంచి ఫోన్ చేశారు. వెనక గుంపు గొంతుల సందడి వినిపిస్తోంది.

"బాబూ, కొత్తగా రాస్తున్న అమ్మాయి ఉందే, బంగారం. కానీ నాకు భయంగా ఉందయ్యా."

"ఏమైంది మాస్టారూ?"

"నేనేం చెప్తే అది రాసుకుంటోంది. ఒక్కదానికీ ఎదురు చెప్పదు. నేను తప్పు చెప్తే పట్టుకునేదెవరు? నువ్వైతే పోట్లాడేవాడివి."

"పోట్లాడే కదా ఇంతదాకా తెచ్చాను."

"పోట్లాడటం తప్పు కాదురా అబ్బాయ్. సాయంత్రం నేను దిద్దిన మాటల కాగితాలు పట్టుకొస్తాను. ఒకసారి చూసిపెట్టు. నీ పేరు మాత్రం ఎక్కడా పడదు మరి."

"పడకూడదు," అన్నాను.

ఐదింటికి వచ్చారు. మా ఆవిడ టీ పెట్టింది. మూడో కాగితంలో ఒక చోట, శిష్యుడు గురువుతో అంత పొడుగు వాక్యం మాట్లాడితే ఏ నోటికీ సరిపోదన్నాను. సరిపోతుందన్నారు. పలికి చూపించమన్నాను. లేచి నిలబడి, అద్దం ముందుకి వెళ్లి, తన పెదవులు తనే చూసుకుంటూ పలికారు. మధ్యలో ఊపిరి చాలలేదు. "ఇంకోసారి," అన్నారు. టీ చల్లారిపోతోందని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. ఇద్దరం వినిపించుకోలేదు.